నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చేనా? టార్చిలతో, పెయింట్లతో ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

మా అక్క కూతురు ఆరో తరగతి. ఒకే వారంలో డ్రాయింగ్ క్లాసులో "ఎరుపు, పసుపు, నీలం మూల రంగులు" అని రాసుకుంది, సైన్సు క్లాసులో "ఎరుపు, ఆకుపచ్చ, నీలం ప్రాథమిక రంగులు" అని రాసుకుంది. రెండు నోట్సులూ పట్టుకుని నా దగ్గరికొచ్చి, "పిన్నీ, పరీక్షలో ఏది రాయాలి?" అని అడిగింది. దాని మొహంలో టెన్షన్ చూస్తే బాధేసింది. రెండూ నిజమేనని చెప్పడం తేలికే, ఎందుకు నిజమో చూపించకపోతే మాత్రం ఆ పిల్లకి అది ఇంకో బట్టీ వాక్యమే అవుతుంది. ఆ రాత్రి ఇద్దరం గదిలో లైట్లార్పి కూర్చుని చేసినవే ఇవన్నీ. మీ ఇంట్లోనూ చేయొచ్చు, పెద్ద ఖర్చేమీ లేదు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

చిన్న ఎల్ఈడీ టార్చిలు మూడు. లేకపోతే ఫోన్ల ఫ్లాష్‌లైట్లు సరిపోతాయి. స్టేషనరీ షాపులో దొరికే రంగు జిలెటిన్ పేపర్లు, అంటే గిఫ్టులకు చుట్టే, అవతల వస్తువు కనబడే పల్చటి కాగితాలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు. తెల్ల గోడ లేదా తెల్ల చార్టు. పోస్టర్ కలర్లు. వీలైతే ఒక భూతద్దం.

కాగితాలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ పేపర్లు ఒక్క పొరగా ఉంటే రంగు బాగా పలచన. టార్చికి కట్టేటప్పుడు రెండు మూడు మడతలు వేసి రబ్బరు బ్యాండు బిగించండి. నీలం మాత్రం మరీ ముదురుది వద్దు, కాస్త లేతది తీసుకోండి. కారణం మొదటి ప్రయోగంలోనే తెలుస్తుంది.

మొదటి పని: అవే రెండు కాగితాలు, రెండు రకాలుగా

మొత్తంలో ముఖ్యమైనది ఇదే. మిగతావన్నీ చేయకపోయినా ఇదొక్కటి చేయండి.

గది చీకటి చేయండి. ఒకే టార్చి తీసుకుని దాని ముందు పసుపు కాగితం, దాని మీద నీలం కాగితం పెట్టి గోడ మీదకు వేయండి. గోడ మీద పడే వెలుగు ఆకుపచ్చగా, కాస్త మసకగా ఉంటుంది. డ్రాయింగ్ మాస్టారు చెప్పింది ఇదే కదా, నీలం పసుపు కలిస్తే ఆకుపచ్చ.

ఇప్పుడు అవే రెండు కాగితాలను విడదీయండి. పసుపు ఒక టార్చికి, నీలం ఇంకో టార్చికి కట్టండి. రెండు వెలుగులూ గోడ మీద ఒకే చోట పడేలా పట్టుకోండి. రెండూ కలిసిన చోట ఆకుపచ్చ కోసం ఎంత వెతికినా దొరకదు. అక్కడ తెలుపు, లేదా తెలుపుకు దగ్గరగా బూడిద ఛాయ కనిపిస్తుంది. పసుపు ఎక్కువగా కనిపిస్తుంటే పసుపు టార్చిని కొంచెం వెనక్కి జరపండి. నీలం ముదురు కాగితమైతే వెలుగు చాలా తక్కువ వస్తుంది కాబట్టి దాన్ని గోడకు దగ్గరగా తీసుకెళ్ళాలి. జరుపుతూ జరుపుతూ ఉంటే ఒక దూరం దగ్గర రెండు రంగులూ మాయమై తెల్లటి మచ్చ తేలుతుంది. మా పాప ఆ క్షణంలో "అయ్యో, రంగు పోయింది!" అని అరిచింది.

కాగితాలు అవే, టార్చిలు అవే. కలిపిన తీరు మారింది, జవాబు మారింది.

ఎందుకు అలా? జల్లెడ, బిందె

తెల్లటి వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయని న్యూటన్ 1666 ప్రాంతంలో పట్టకంతో చూపించాడు. మన పనికి దాన్ని మూడు ముక్కలుగా అనుకుంటే చాలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం.

రంగు కాగితం జల్లెడ లాంటిది. తనంతట తాను రంగు పుట్టించదు, ఉన్నదాంట్లోంచి కొంత ఆపేస్తుంది. పసుపు కాగితం నీలం వెలుగును ఆపి ఎరుపునీ, ఆకుపచ్చనీ పోనిస్తుంది. లేత నీలం కాగితం ఎరుపును ఆపి నీలాన్నీ, కొంత ఆకుపచ్చనీ పోనిస్తుంది. ఒకదాని మీద ఒకటి పెడితే జల్లెడ మీద జల్లెడ. మొదటిది నీలాన్ని పట్టేసింది, రెండోది ఎరుపును పట్టేసింది, రెండింటి చేతికీ చిక్కకుండా బయటపడింది ఆకుపచ్చ ఒక్కటే. ముదురు నీలం కాగితం ఆకుపచ్చను కూడా చాలావరకు ఆపేస్తుంది, అందుకే దానితో చేస్తే గోడ మీద నల్లటి మసక తప్ప ఏమీ మిగలదు.

రెండు టార్చిలప్పుడు సంగతి వేరు. అది రెండు చెంబుల నీళ్ళు ఒకే బిందెలో పోయడం. పసుపు టార్చి ఎరుపునీ ఆకుపచ్చనీ తెచ్చింది, నీలం టార్చి నీలాన్ని తెచ్చింది. గోడ మీద మూడూ చేరాయి, తెలుపు అయింది.

పెయింటు కూడా రంగు కాగితం లాంటి జల్లెడే. కాబట్టి కాంతి కలిపితే కూడిక, పెయింటు కలిపితే తీసివేత. ఇంత చిన్న తేడా కూడా చాలాకాలం పెద్ద పెద్దవాళ్ళకే తెగలేదు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1852లో ఈ రెండు కలయికలూ వేరువేరు అని విడదీసి చెప్పేదాకా, చిత్రకారుల పళ్ళెంలో జరిగేదే కాంతిలోనూ జరుగుతుందని చాలామంది అనుకునేవారు. కాబట్టి మీ పిల్లలు గందరగోళపడితే కోప్పడకండి.

ఫోన్ ఫ్లాష్‌లో దాగిన రుజువు

ఒక్క నిమిషం ఫోన్ తిప్పి వెనకవైపు చూడండి. ఫ్లాష్ ఆర్పే ఉంచండి. కెమెరా పక్కన చిన్న పసుపు మచ్చ కనిపిస్తుంది. తెల్లగా వెలిగే దీపం ఆరినప్పుడు పసుపుగా ఎందుకుంది?

ఎందుకంటే లోపల వెలిగేది నీలం ఎల్ఈడీ. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత ఉంటుంది. నీలం వెలుగులో కొంత ఆ పూతకు తగిలి పసుపు వెలుగుగా మారుతుంది, కొంత నీలంగానే బయటికొస్తుంది. నీలం, పసుపు వెలుగులు రెండూ కలిసి మన కంటికి తెలుపు. మీరు ఇందాక రెండు టార్చిలతో గోడ మీద చేసింది ఆ చుక్కంత చోటులో జరిగిపోతోంది. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు చాలావరకు ఇదే పద్ధతి. బాగా వెలిగే నీలం ఎల్ఈడీని తయారు చేసినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. వెలుగుతున్న ఫ్లాష్‌ను మాత్రం కళ్ళకు దగ్గరగా పెట్టి చూడొద్దు, పిల్లల్ని చూడనివ్వొద్దు.

రెండో పని: ఎరుపు, ఆకుపచ్చ వెలుగుల్లోంచి పసుపు తీయడం

ఒక టార్చికి ఎరుపు, ఇంకోదానికి ఆకుపచ్చ కట్టి గోడ మీద కలపండి. పసుపు వస్తుంది. మొదట నారింజలా కనబడితే ఎరుపు ఎక్కువైందని లెక్క, ఎరుపు టార్చిని వెనక్కి జరపండి. అదే పోస్టర్ కలర్లలో ఎరుపు, ఆకుపచ్చ కలిపి చూడండి, మట్టి రంగు, గోధుమ రంగు వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి.

గోడ మీది ఆ పసుపులో అసలు పసుపు వెలుగు దాదాపు అక్కర్లేదు. మన కంట్లో రంగును పట్టే శంకు కణాలు మూడు రకాలు. నిమ్మకాయ నుంచి వచ్చే వెలుగు వాటిలో రెండు రకాలను కలిపి కదిలిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు కలిసి వచ్చినా అవే రెండూ అలాగే కదులుతాయి. మెదడుకు తేడా తెలియదు, రెండింటినీ పసుపు అనే చెబుతుంది.

దీన్ని కళ్ళారా చూడాలంటే ఫోన్‌లో ఏదైనా డ్రాయింగ్ యాప్ తెరిచి స్క్రీన్ అంతా పసుపుతో నింపండి. వేలి కొసతో నీటి బొట్టు ఒకటి, ఆవగింజంత, స్క్రీన్ మీద పెట్టండి. బొట్టు భూతద్దంలా పనిచేస్తుంది. దాని అంచుల్లోకి కళ్ళు దగ్గర పెట్టి చూస్తే పసుపు ఎక్కడా లేదు, ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు మాత్రమే! ఇప్పుడు తెలుపు నింపి చూడండి, నీలం చుక్కలు కూడా వచ్చి చేరతాయి. ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటాయి కాబట్టి ఆ మూడు చుక్కలతోనే ఫోన్ 1,67,77,216 రంగులు లెక్క కడుతుంది. మనం రోజూ చూసే పసుపు చీర ఫోటోలన్నీ ఇలాంటి పసుపే.

ఇక్కడ తెలుగు గురించి ఒక్క మాట. మనం పసుపుపచ్చ అంటాం, ఆకుపచ్చ అంటాం. రెండూ పచ్చలే. ఇంద్రధనుస్సులో కూడా అవి పక్కపక్కనే ఉంటాయి. ఈ మాట నాకు చాలా ఇష్టం. ప్రయోగం చేసేటప్పుడు మాత్రం ఉత్త "పచ్చ" అనకుండా పూర్తిగా చెప్పండి, లేకపోతే పిల్లలు తికమక పడతారు.

ఇంకొకటి. ఈ ప్రయోగంలో ఒక పిల్లాడు "రెండు టార్చిలూ ఒకేలా ఉన్నాయి" అంటే వాణ్ణి తప్పుపట్టకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియకపోవడం కొందరికి పుట్టుకతో వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. కళ్ళ డాక్టరు దగ్గర చిన్న పరీక్షతో తెలిసిపోతుంది.

మూడో పని: రంగు నీడలు

మూడు టార్చిలకూ మూడు రంగులు కట్టండి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. జానెడు ఎడంతో వరసగా బల్ల మీద పేర్చి, మూడూ గోడ మీద ఒకే చోట పడేలా తిప్పండి. మధ్యలో తెలుపు వచ్చేదాకా ముందుకూ వెనక్కూ జరపండి. పది నిమిషాలు పట్టినా ఓపికగా చేయండి. తెలుపు బాగా కుదిరితేనే తర్వాతది బాగుంటుంది.

ఇప్పుడు గోడకు, టార్చిలకు మధ్య మీ చెయ్యి పెట్టండి. నల్లటి నీడ పడుతుందనుకుంటారు. మూడు నీడలు పడతాయి, మూడూ రంగుల్లో! ఒకటి పసుపు, ఒకటి రాణీ పింక్, ఒకటి లేత నీలంలో ఆకుపచ్చ కలిసినట్టుండే రంగు. ఎర్ర టార్చి వెలుగును చెయ్యి అడ్డుకున్న చోట ఎరుపు లేదు, అక్కడ ఆకుపచ్చ, నీలం రెండే మిగిలాయి. వాటి కలయికే ఆ నీలి ఆకుపచ్చ, దాని పేరు సయాన్. ఆకుపచ్చను అడ్డుకున్న చోట మెజెంటా, అదే బట్టల షాపుల్లో మనం రాణీ పింక్ అనేది. నీలాన్ని అడ్డుకున్న చోట పసుపు. చెయ్యి గోడకు దగ్గరగా తీసుకెళ్ళండి, నీడలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, మూడూ ఎక్కిన చోట నలుపు.

మెజెంటా ఇంద్రధనుస్సులో లేని రంగు. ఒకే రకం కాంతితో దాన్ని పుట్టించలేరు. ఎరుపు, నీలం రెండూ కంటికి ఒకేసారి తగిలినప్పుడే అది ఉంటుంది.

ఈ మూడు నీడల రంగులు గుర్తుపెట్టుకోండి. సయాన్, మెజెంటా, పసుపు. కలర్ ప్రింటర్‌లో పోసే ఇంకులు కూడా సరిగ్గా ఇవే.

నాలుగో పని: ఇప్పుడు ఇంకులు

ప్రింటర్ రీఫిల్ ఇంకులు దొరికితే మూడు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి ఒక్కో దాంట్లో ఒక్కో రంగు రెండు చుక్కలు వేయండి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, ఈ మరకలు ఓ పట్టాన వదలవు. ఖాళీ గ్లాసులో సయాన్ నీళ్ళు, పసుపు నీళ్ళు సమానంగా కలపండి: చక్కటి ఆకుపచ్చ. పసుపు, మెజెంటా కలిపితే ఎరుపు. సయాన్, మెజెంటా కలిపితే నీలం. మూడూ కలిపితే నలుపుకు దగ్గరగా మురికి గోధుమ.

ఒక్కో ఇంకూ ఒక్కో వెలుగును మాత్రమే ఆపే జల్లెడ. సయాన్ ఎరుపును, మెజెంటా ఆకుపచ్చను, పసుపు నీలాన్ని ఆపుతాయి. అందుకే ఈ మూడింటితో ఎక్కువ రంగులు సాధించొచ్చు. డ్రాయింగ్ క్లాసులో చెప్పే "ఎరుపు, పసుపు, నీలం" దీనికే పాత, మోటు రూపం. తప్పు కాదు, కానీ ఎర్ర పెయింటు ఆకుపచ్చను, నీలాన్ని రెండింటినీ ఆపేస్తుంది, అందుకే దానితో కలిపిన ఊదా రంగు ఎప్పుడూ మురికిగానే వస్తుంది. పిల్లలకు పోస్టర్ కలర్లు కొంటుంటే మామూలు ఎరుపు, నీలాలతో పాటు మెజెంటా, సయాన్‌కు దగ్గరి సీసాలు ఒక్కొక్కటి అడిగి తీసుకోండి. ఊదా కోసం మెజెంటా వాడితే తేడా మీకే తెలుస్తుంది. రెండు రంగులకు మించి కలపకుండా ఉండటం మంచి అలవాటు, కలిపిన ప్రతి రంగూ ఇంకొంత వెలుగును తినేస్తుంది.

పేపర్లో అచ్చయిన రంగు ఫోటోను భూతద్దంతో చూస్తే ఈ ఇంకులే చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. మూడు ఇంకులు కలిసినా సరైన నలుపు రాదు కాబట్టి నల్ల ఇంకు విడిగా వాడతారు.

ఫ్లెక్సీ గానీ పెళ్ళి కార్డు గానీ డిజైన్ చేయించేవాళ్ళకు ఇక్కడే దెబ్బ తగులుతుంది. స్క్రీన్ మీద మెరిసిపోయే చిలకపచ్చ, అచ్చయ్యాక వాడిపోయినట్టుంటుంది. స్క్రీన్ వెలుగును కలుపుతుంది, ఇంకు వెలుగును తీసేస్తుంది, ఆ మెరుపు ఇంకుకు అందదు. డీటీపీ ఆపరేటర్‌ను మొదట్లోనే ఫైలును సీఎంవైకేలో, అంటే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకుల లెక్కలో చేయమనండి, డబ్బు కట్టేముందు ఒక చిన్న ముక్క అచ్చువేసి చూపించమనండి.

కలయికలా కనిపించి, కలయిక కానిది

పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రగా అవుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు, పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టే పారాణి ఇలా వచ్చేవే. పసుపు, తెలుపు కలిస్తే ఎరుపు ఎలా వచ్చిందని పిల్లలు తప్పకుండా అడుగుతారు, మా పాప అడిగింది. ఇది కూడికా కాదు, తీసివేతా కాదు. పసుపులోని కర్కుమిన్ సున్నపు క్షారానికి రసాయనికంగా మారిపోతుంది, జల్లెడే మారిపోయిందన్నమాట. అందులో నిమ్మరసం పిండండి, పసుపు తిరిగొస్తుంది. పెయింట్లలో అలా వెనక్కి రావడం ఉండదు.

బట్టలకు పెట్టే నీలిమందు మాత్రం అచ్చమైన తీసివేత. పాతబడిన తెల్ల చొక్కా నీలాన్ని కొంత తినేస్తుంది కాబట్టి పసుపు ఛాయ కొడుతుంది. నీలిమందు మిగిలిన ఎరుపు, ఆకుపచ్చల్లో కొంత తినేసి లెక్క సమం చేస్తుంది. నిజానికి వెలుగు తగ్గింది, కంటికి మాత్రం తెల్లబడింది.

స్టేజీ మీద లైట్లు పెట్టేవాళ్ళకు

ఇది నేను బాధపడి నేర్చుకున్నది. ఒక స్కూలు వార్షికోత్సవంలో పిల్లల నాట్యానికి ముదురాకుపచ్చ పరికిణీలు నేనే ఎంపిక చేశాను. దేవి రౌద్రం ఘట్టం రాగానే లైట్ల అబ్బాయి స్టేజీ అంతా ఎరుపు చేశాడు. పన్నెండు మంది పిల్లల పరికిణీలు ఒక్కసారిగా నల్లబడిపోయాయి. నడుం కింద ఏమీ లేనట్టు, మొహాలూ చేతులూ మాత్రం గాల్లో తేలుతున్నట్టు కనిపించింది. నెలన్నర రిహార్సల్ చేసిన అడుగులు ఒక్కటీ కనబడలేదు. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తప్పు లైట్ల అబ్బాయిది కాదు, పరికిణీదీ కాదు. ఆకుపచ్చ బట్ట ఎరుపును మింగేస్తుంది, అక్కడ ఎరుపు తప్ప వేరే వెలుగే లేదు, ఇక తిరిగి రావడానికి ఏముంది? కాబట్టి:

1. బట్టలు కుట్టించే ముందే గుడ్డ ముక్క తెచ్చి, చీకట్లో ఎర్ర, నీలి, ఆకుపచ్చ కాగితం కట్టిన టార్చి కింద చూడండి. నల్లబడితే ఆ లైటు ఆ పాటకు వద్దని రాసిపెట్టుకోండి.

2. లైటు రంగులు తరచూ మారే పాటకు తెలుపు, లేత గోధుమ బట్టలు వేయండి. ఏ రంగు వెలుగు పడితే ఆ రంగు తీసుకుంటాయి.

3. ఎరుపు తప్పదంటే, ముందువైపు నుంచి కొంచెం మామూలు తెల్లలైటు కలపమనండి. మొహాలూ బట్టలూ బతుకుతాయి.

చీర కొనేటప్పుడు అమ్మ దాన్ని షాపు గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూసేది. అదీ ఇందుకే. లోపలి లైటులో లేని వెలుగును బట్ట తిరిగి పంపలేదు.

చివరిగా, బొంగరం, చీర

అట్టముక్కను గుండ్రంగా కత్తిరించి సగం పసుపు, సగం నీలం పోస్టర్ కలర్ వేయండి. ఆరాక మధ్యలో అగ్గిపుల్ల గుచ్చి బొంగరంలా గిర్రున తిప్పండి. పెయింటే కదా, ఆకుపచ్చ రావాలి అనిపిస్తుంది. వచ్చేది బూడిద రంగు. పెయింట్లు ఒకదానిలో ఒకటి కలవలేదు, వాటి నుంచి వచ్చిన వెలుగులు మన కంట్లో కలిశాయి, జల్లెడలు పక్కపక్కనే ఉన్నాయి. స్కాట్లాండ్ శాస్త్రవేత్త జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1850లలో ఇలాంటి బొంగరాలతోనే రంగుల లెక్కలు కట్టాడు. 1861 మేలో లండన్‌లో ఒక రంగుల రిబ్బనును ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా మూడుసార్లు తీయించిన ఫోటోలను తెర మీద ఒకదానిపై ఒకటి వేసి రంగు బొమ్మ చూపించాడు. మీ చేతిలోని ఫోన్ తెర వేసే లెక్క కూడా అదే.

ఇంట్లో నెమలికంఠం రంగు చీర ఉంటే తీయండి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన చీర, మడత తిప్పినప్పుడల్లా ఒకసారి నీలంగా, ఒకసారి ఆకుపచ్చగా మెరుస్తుంది. కొంగు అంచు దగ్గర భూతద్దం పెట్టి చూడండి. నిలువు దారం నీలంగానే ఉంటుంది, అడ్డం దారం ఆకుపచ్చగానే ఉంటుంది. భూతద్దం పక్కన పెట్టి రెండడుగులు వెనక్కి జరగండి, నెమలి మెడ మళ్ళీ కనిపిస్తుంది.